ఆరని గిన్నె

గిన్నెలాయన అనే పేరు అతనికి భార్య పెట్టింది. ఉద్యోగం మానేసి, ఇంటి వెనక షెడ్డులో దుంగని గిర్రున తిప్పే లేత్ మిషను పెట్టుకుని, గురువు లేకుండా చెక్క గిన్నెలు తీయడం మొదలుపెట్టిన ఏడాదే పెట్టింది. ఆ ఏడాది అతను చేసిన వాటిని గిన్నెలు అన్నది అతనొక్కడే. అడుగు పలచనై చిల్లి పడ్డవి కొన్ని. మిషను మీంచి ఎగిరి గోడకి తగిలినవి కొన్ని. ఒకటి సూటిగా వచ్చి అతని నుదుటికే తగిలింది.

"చాలా గట్టి చెక్క" అన్నాడు రక్తం తుడుచుకుంటూ.

"ఏది?" అంది ఆవిడ.

పరువు నిలబెట్టుకోవడానికి అప్పుడొక అబద్ధం ఆడాడు. నువ్వు వెనకనుంచి పలకరించబట్టే చేయి తప్పింది, ఇక మీదట షెడ్డులో చప్పుడు వినిపిస్తే నన్ను కదిలించకు అన్నాడు. ఆవిడ నమ్మింది. ఆ రోజునుంచి టక టక వినిపిస్తే గుమ్మం దాటి వచ్చేది కాదు.

ఇప్పుడు చేయి కుదిరింది. టేకు లాంటి మర్యాదస్తుల జోలికి పోడు. రోడ్డు కోసం కొట్టేసినవి, గాలివానకి కూలినవి, ఎవరూ పేరు చెప్పలేని మొండి చెక్కలు కావాలి అతనికి. పచ్చి దుంగలోంచి ముందు మందంగా గిన్నె ఆకారం తీస్తాడు. నెలల తరబడి ఆరబెడతాడు. ఆరి వంకర పోయాక మళ్ళీ లేత్‌కి ఎక్కించి నునుపు చేస్తాడు.

ఆరబెట్టడానికి షెడ్డు వెనకాలే ఒక గది కట్టాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గాలి విసురు తగిలితే పచ్చి గిన్నె పగులుతుంది కాబట్టి కిటికీ లేదు. తలుపు రెండంగుళాల మందం, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. తలుపు మూసుకోగానే దానంతటదే పడే గడియ. అది బయటే పెట్టాడు. గిన్నెలకి లోపల్నుంచి తలుపు తీసుకునే పనేముంటుంది?

ప్రతి ఆదివారం లోపలికెళ్ళి ఒక్కో గిన్నెనీ కాటా మీద పెట్టి, దాని అడుగున పెన్సిలుతో బరువు రాస్తాడు. తడి పోయేకొద్దీ బరువు తగ్గాలి. తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. అతనికి తెలిసిన శాస్త్రం అంతే.

ఆ శాస్త్రానికి లొంగనిది ఒకటే గిన్నె. లాండ్రీ వెనక ప్రహరీని ఆనుకుని పెరిగిన చెట్టుది. "రెండు రంపాలు పాడు చేసింది, పట్టుకుపోండి" అని కొట్టినవాళ్ళు ఊరికే ఇచ్చారు. నల్లటి చేవ. కోస్తే చెక్క వాసన రాలేదు. తడి జుట్టు వాసన వచ్చింది. "ఎవరో తలంటుకుని పక్కన నిలబడ్డట్టుంది" అని ఆవిడ ముక్కు మూసుకుంది.

మొదటి వారం పద్దెనిమిది వందల నలభై గ్రాములు. రెండో వారమూ అంతే. మూడో వారం పంతొమ్మిది వందలు. నాలుగో వారం రెండు వేలు దాటింది. కాటా చెడిందేమోనని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాడు. సరిగ్గా కిలో.

"అది ఒళ్ళు చేస్తోంది, మీరు చిక్కిపోతున్నారు" అంది ఆవిడ, అతని బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లు చూసి. "ఇద్దరికీ కలిపి ఒకే కంచంలో పెడుతున్నానా ఏంటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఐదో ఆదివారం పొద్దున ఆవిడ రెండు రోజులుండి వస్తానని అక్కగారింటికి బయల్దేరింది. అతను కాటా తీసుకుని గదిలోకి వెళ్ళాడు. ఎప్పుడూ తలుపుకి అడ్డంగా ఒక చెక్కముక్క పెట్టేవాడు. ఇవాళ రెండు చేతులూ ఖాళీ లేవు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాడు.

వెనక తలుపు మెత్తగా మూసుకుంది. గడియ పడింది.

మొదట నవ్వొచ్చింది. జీవితంలో సరిగ్గా కుదిరిన తలుపు ఇదొక్కటే, అదీ ఇలా కుదిరింది. భుజంతో తోశాడు. కదల్లేదు. ఫోను లేత్ పక్కన ఉంది. భార్య వచ్చేది ఎల్లుండి. బల్బు వెలుగుతోంది, అదొక్కటే నయం.

సరే అని కింద కూర్చున్నాడు. చుట్టూ అరల్లో గిన్నెలు చిన్నగా టిక్కుమంటున్నాయి. ఆరే చెక్క అలా అంటుంది. అతనికి అలవాటే.

కాసేపటికి పెదాలు ఎండినట్టనిపించింది. నాలుకతో తడి చేసుకోబోతే నాలుకే అంగిలికి అంటుకుంది. గదిలో ఉక్కగా ఉన్నా ఒంటిమీద చెమట చుక్క లేదు. చేతి మీద చర్మం గీసి చూసుకున్నాడు. తెల్లటి పొడి రాలింది. రెప్ప వేస్తుంటే కళ్ళలో ఇసుక పోసినట్టుంది.

అప్పుడు గిన్నెలు టిక్కుమనడం ఆగిపోయింది.

అన్నీ... ఒకేసారి.

తడి జుట్టు వాసన. చాలా దగ్గర్లో.

తల ఎత్తాడు. నల్ల గిన్నె కింది అరలో, అతని ముఖానికి ఎదురుగా ఉంది. తొంగి చూస్తే దాని లోపల, అడుగున ఏదో మెరిసింది.

నీళ్ళు. చెంచాడు.

చూస్తుండగానే రెండు చెంచాలయ్యాయి. పైకప్పు వంక చూశాడు. పొడిగానే ఉంది. నీళ్ళు పైనుంచి కారడం లేదు. లోపల్నుంచి ఊరుతున్నాయి... అతని గొంతు ఎండేకొద్దీ.

వెనక్కి జరిగాడు. జరగడానికి జానెడు చోటు మాత్రమే ఉంది.

సరిగ్గా అప్పుడే బయట చెప్పుల చప్పుడు.

"ఏవండీ, కళ్ళజోడు మర్చిపోయాను. బస్సు పావుగంటలో ఉంది." భార్య గొంతు, తలుపు మందం లోంచి నీటి అడుగున మాట్లాడినట్టు.

అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. గొంతులో ఏదో చిట్లినట్టయింది. పిడికిలి బిగించి తలుపు మీద కొట్టాడు. టక. టక. టక టక టక.

బయట నడక ఆగింది.

"పనిలో ఉన్నారా? సరే సరే, కదిలించను. అన్నం గిన్నె మూత పెట్టి వెళ్తున్నా."

ఇంకా గట్టిగా కొట్టాడు. ఎంత గట్టిగా కొడితే అంత పని చేసుకుంటున్నట్టు లెక్క. ఆ లెక్క నేర్పింది అతనే. చెప్పుల చప్పుడు ఇంట్లోకి వెళ్ళింది. బీరువా తలుపు. మళ్ళీ అడుగులు, ఈసారి వీధి వైపు.

రెండు రోజులు. ఈ గదిలో అరగంటకే ఇలా ఉంటే...

గిన్నె వంక చూశాడు. సగానికి నిండింది.

నావే కదా ఈ నీళ్ళు, అనుకున్నాడు. నాలోంచి పోయినవే కదా. నావి నేను తాగితే తప్పేంటి?

గిన్నెని రెండు చేతులతో ఎత్తాడు. కళ్ళు మూసుకుని గటగటా తాగాడు. గోరువెచ్చగా, ఉప్పగా ఉన్నాయి. నాలుక మీద పొడవాటి వెంట్రుక లాంటిదేదో తగిలి, లాక్కునేలోపు లోపలికి జారిపోయింది.

గొంతు తెరుచుకుంది.

"తలుపు తియ్యి! వెళ్ళకు, తలుపు తియ్యి!"

వీధి గేటు చప్పుడైంది. నిశ్శబ్దం. తర్వాత పరుగు. గడియ లేచింది. వెలుతురు కళ్ళలోకి కొట్టింది.

గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. అతన్ని చూడటం లేదు. అతని భుజం మీంచి గదిలోకి, అరల కిందికి, మూలల్లోకి చూస్తోంది.

"ఎవరండీ లోపల?" అంది మెల్లగా.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీరు పిలిచారా?"

ఊపాడు, నిలువుగా.

"మీ గొంతు నాకు తెలీదా?" ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "అరుపేమీ వినపడలేదు నాకు. గేటు దగ్గర ఎవరో ఆడమనిషి, నా చెవిలో అన్నట్టు, 'తలుపు తియ్యమ్మా' అంది. ఎంత నెమ్మదిగా అందో."

అతను మాట్లాడబోయి ఆగాడు. చేత్తో నోరు మూసుకున్నాడు.

"ఏంటలా చూస్తారు? ఏదో ఒకటి మాట్లాడండి, నాకు భయంగా ఉంది."

అతను ఆవిడని దాటుకుని పెరట్లోకి నడిచాడు. కుళాయి పూర్తిగా తిప్పాడు, ఆ హోరులో ఎవరికీ వినపడకుండా. నోటి మీద చేయి తీసి, భయం భయంగా ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

తన గొంతే. మొరటుగా, బొంగురుగా, అచ్చం తనదే. భార్య వైపు తిరిగి, పెదాలు గట్టిగా బిగించుకునే, పర్వాలేదన్నట్టు చిన్నగా నవ్వాడు.

అప్పుడు అతని గొంతు, ఏదో చెప్పబోయే ముందు చేసినట్టు, నాజూకుగా, దానంతటదే ఇంకొకసారి సవరించుకుంది.