చెయ్యిచ్చినవాడు

తెర మీద ఆ ముఖం కనపడగానే పజిళ్ళమ్మాయి చేతిలోని బిస్కెట్టు టీలో పడి మునిగిపోయింది. దాన్ని తీద్దామన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

కంట్రోల్ రూములో గోడనిండా తెరలు. ఏ తెర చూసినా అతనే. ఒకదాంట్లో ముఖం, ఇంకోదాంట్లో పక్కనుంచి, మరోదాంట్లో వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని స్టేజీ మెట్లెక్కిస్తూ. ఎటు తిరిగినా తప్పించుకునే దారి లేదు.

“బొమ్మల్లో ఏముంది” అనే ఆ ఆటకు ప్రశ్నలు తయారుచేసేది ఆమే. ఫోనులో మనం పంపుకునే ఎమోజీలు తెర మీద వరసగా పడతాయి. వాటి వెనక దాగిన మాటేమిటో జంటగా వచ్చినవాళ్ళు చెప్పాలి. చెవి పక్కన పువ్వు పడితే చెవిలో పువ్వు పెట్టడం. ముక్కు పక్కన వేలు పడితే ముక్కున వేలేసుకోవడం. ఇలాంటివి పుట్టించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. అందుకే స్టూడియోలో అందరూ ఆమెను పజిళ్ళమ్మాయి అనేవారు. సొంత పేరుతో పిలిచి చాలాకాలమైంది.

ఆడటానికి ఎవరొస్తున్నారో ప్రశ్నలు రాసేవాళ్ళకు ముందుగా చెప్పరు. తెలిసినవాళ్ళు కనపడితే మాత్రం తనకు ఏమవుతారో ప్రొడ్యూసరుకు అక్కడికక్కడే చెప్పాలి. చుట్టరికం తేలిందా, ఆ జంటకు బహుమతి పోయినట్టే.

ప్రొడ్యూసరమ్మ ఆమె వాలకం కనిపెట్టింది. “తెలిసినవాడా? ఏమవుతాడు?”

“ఎవరూ కాడు మేడమ్.”

అబద్ధం చెప్పానని ఆమె అనుకోలేదు. నమ్మించి నట్టేట ముంచినవాడు ఏమవుతాడని చెప్పాలి?

అతను లిఫ్టు మెకానిక్. వాళ్ళ పరిచయం కూడా లిఫ్టులోనే, అదీ తిట్లతో. ఈ స్టూడియోలో ఆమె కొత్తగా చేరిన రోజుల్లో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే. పైనుంచి తలుపు సందు చేసుకుని ఒక తల తొంగిచూసింది. ఊపిరాడక పోయాక తీరిగ్గా వస్తారేం అంటూ ఆమె అందుకుంది. అతను ఎంతసేపు విన్నాడో విని, బోర్లా పడుకుని కిందికి చెయ్యి చాపాడు.

“ముందు చెయ్యివ్వండి. తిట్లు పైకొచ్చాక.”

పైకొచ్చాక తిట్లు గుర్తుకు రాలేదు. గ్రీజు మరకలున్న ఆ చేతిని వదలడం కూడా కాస్త ఆలస్యమే అయింది. ఆ తర్వాత స్టూడియో లిఫ్టుకు ఊరికే జబ్బు చేసేది, అతను ఊరికే వచ్చేవాడు. ఎదురుపడితే వసపిట్టలా వాగేవాడు గానీ ఫోనులో రెండు ముక్కలు రాయాలంటే మహా బద్ధకం. ఆకలేస్తే చెంచా, కోపమొస్తే పొగలు కక్కే ముఖం, బెంగపడితే వానలో గొడుగు. అతని బొమ్మలు చదివి చదివే ఆమెకు ఈ విద్య అబ్బింది.

ఆ రోజు మాత్రం ఆమె ఆటలాడలేదు. ఇంట్లో సంబంధం చూస్తున్నారనీ, నాన్నకు ఏదో ఒకటి చెప్పాలనీ, నువ్వేమంటావనీ మాటల్లోనే రాసింది. జవాబుగా మూడు బొమ్మలొచ్చాయి. ఒక మగవాడు, ఒక చెయ్యి, ఒక ఆడమనిషి.

ఎమోజీల్లో నానుడులు వెతకడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆ ముడి విప్పడానికి క్షణం పట్టలేదు. చెయ్యిచ్చాడు. పైగా ఆ సంగతి బొమ్మలేసి మరీ చెప్పాడు. ఆమె నిలువునా నీరుగారిపోయింది. జోడించిన చేతుల బొమ్మ ఒకటి పంపింది. నీకో దణ్ణం, నీ స్నేహానికో దణ్ణం అని. ఆపైన అతని నంబరు బ్లాక్ చేసేసింది. స్టూడియోవాళ్ళు లిఫ్టు కంపెనీని మార్చడంతో అతని రాక కూడా ఆగిపోయింది. వచ్చిన సంబంధాలన్నీ ఆమె వంకలు పెట్టి తిప్పి కొడుతుంటే నాన్న అడగడమే మానేశాడు.

ఇప్పుడు అతను తెర మీద నవ్వుతున్నాడు. కాస్త చిక్కాడు. ఆ సంగతి తను గమనించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

లైవులో ఆట జోరుగానే సాగింది. నాయనమ్మ ప్రతి బొమ్మకూ పెద్దగా వ్యాఖ్యానం చెబుతుంటే చూడటానికొచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వారు. గెలిస్తే వచ్చే ఫ్రిజ్ వైపే ఆవిడ చూపంతా. ఆఖరి ప్రశ్న మిగిలింది. దాన్ని ఎవరూ ఎంచరు, ఉన్న ప్రశ్నల్లోంచి కంప్యూటరే ఒకటి లాగుతుంది.

అది లాగిన ప్రశ్న చూసి పజిళ్ళమ్మాయికి గుండె ఆగినంత పనయింది.

ఒక మగవాడు, ఒక చెయ్యి, ఒక ఆడమనిషి.

ఎప్పుడో కడుపు రగిలిపోయి రాసి పడేసిన ప్రశ్న అది. జవాబు, “చెయ్యివ్వడం, అంటే నమ్మించి మోసం చెయ్యడం.” రాసిన సంగతే మరిచిపోయింది.

తెరల మీద అతను కొయ్యబారిపోయాడు. టైము అయిపోతోందని యాంకర్ తొందరపెట్టాడు.

“పెళ్ళి” అన్నాడు చివరికి. “పెళ్ళి చేసుకుందాం రా, అని.”

యాంకర్ పకపకా నవ్వాడు. ఇందులో పెళ్ళి ఎక్కడుంది బాబూ అన్నాడు.

“లిఫ్టులో ఇరుక్కున్న అమ్మాయితో నేనన్న మొదటి మాట అదేనండి, చెయ్యివ్వండి అని. తర్వాత ఆ అమ్మాయి, నువ్వేమంటావని ఒకసారి అడిగింది. అప్పుడు నేను పనిలో ఉన్నా, ఒక చేత్తో తాడు పట్టుకుని వేలాడుతున్నా. రెండో చేత్తో ఈ బొమ్మలే పంపా. చెయ్యివ్వు, ఇంక వదలను అని. సాయంత్రం వెళ్ళి నోటితో చెబుదామనుకున్నా. ఈలోపే దణ్ణం వచ్చింది. ఇంట్లో చూసిన సంబంధం ఖాయమైంది కాబోలు, మర్యాదగా సెలవు తీసుకుందనుకున్నా.”

“మాటల్లో అడగరా వెధవా అని ఎంత మొత్తుకున్నానో” అంది నాయనమ్మ మైకులోనే. “బొమ్మలు చూసి ఎవరైనా కాపురానికొస్తారా?”

కంట్రోల్ రూములో సౌండు చూసే అతను ముక్కున వేలేసుకున్నాడు. పజిళ్ళమ్మాయి తెరకేసి చూస్తూ లేచి నిలబడింది. ఊళ్ళోవాళ్ళకు మాటలు కనిపెట్టి పెట్టే తను, తనకోసమే వచ్చిన మూడు బొమ్మల్ని తలకిందులుగా చదివింది. ఆ మూడింటి కోసం ఇన్నాళ్ళూ ఒక మనిషిని దొంగను చేసి తిట్టుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు కిందినుంచి ఏదో సంతోషం ఆగకుండా తన్నుకొస్తోంది.

యాంకర్ చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుంటూ ఎదురుచూస్తున్నాడు. జవాబు తప్పో ఒప్పో ఆమే చెప్పాలి.

“తప్పు” అంది మైకులో. “జవాబు తప్పు. నేను చదివింది అంతకన్నా తప్పు.”

రెండో మాట యాంకర్‌కు అర్థం కాలేదు. ప్రొడ్యూసరమ్మకు అయింది. కుర్చీ చరాలున తిప్పింది.

“ఎవరూ కాడన్నావే?”

“అప్పుడు కాడు మేడమ్.”

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి పజిళ్ళమ్మాయి బయటికి పరిగెత్తింది. వెనక నుంచి ప్రకటనలు వెయ్యమంటారా అని ఎవరో అడగడం, వేస్తే ఉద్యోగం ఊడుతుందని ప్రొడ్యూసరమ్మ అనడం ఆమెకు వినపడలేదు.

స్టేజీ మీదికి దూసుకొచ్చిన ఆమెను చూసి ఈసారి తెల్లబోవడం అతని వంతయింది. ఒకడుగు వెనక్కి వేసి నాయనమ్మ కుర్చీకి తగిలాడు.

“నువ్వింకా ఇక్కడే...” అన్నాడు.

“ఆ ప్రశ్న నాదే. నీ జవాబు తప్పు.”

“పెళ్ళయిందా నీకు?”

“దణ్ణం పెట్టినవాడిమీద కోపం తీరందే ఎలా అవుతుంది?” ఆమె కళ్ళు తుడుచుకుంది. “నేను సరిగా చదవలేదు. నువ్వు సరిగా రాయలేదు. ఇప్పుడు బొమ్మలు వద్దు, నోటితో చెప్పు.”

అంత వాగుడుకాయా నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ వీపుమీద ఒకటిచ్చింది.

“నన్ను పెళ్ళి చేసుకుంటావా?” అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. “చెయ్యివ్వడం. అసలు జవాబు ఇదే. అర్థమే నేను తప్పు రాశాను.”

అతను ఆ చెయ్యి అందుకున్నాడు. హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. అప్పుడు చూసింది ఆమె, కెమెరా నెత్తిన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అంటే ఇదంతా ఇంటింటా కనపడుతోంది.

ఫ్రిజ్ ఇక రాదు కదా అని నాయనమ్మ యాంకర్‌ను అడుగుతోంది. రాదని అతను చెప్పాడు. పోనీలే, పాతదే రిపేరు చేయించుకుంటాం అంది ఆవిడ, ముఖం చేటంత చేసుకుని.

ఇంతలో పజిళ్ళమ్మాయి జేబులో ఫోను మోగింది. అమ్మ. టీవీ చూసి మీ నాన్న కుర్చీలోంచి లేవలేదు, ఏదో అడుగుతాడట మాట్లాడు, అని గబగబా ఫోను ఆయనకిచ్చింది.

నాన్న ఫోను అందుకున్నాడు. “ఎవరమ్మా ఆ అబ్బాయి? ఏమవుతాడు?”

ఇందాక ప్రొడ్యూసరమ్మ అడిగిన ప్రశ్నే. ఈసారి ఆమె తడుముకోలేదు.

“అల్లుడు, నాన్నా. మీకు అల్లుడవుతాడు.”

అవతల నాన్న టీవీ శబ్దం తగ్గించాడు.

“అయితే ఇంటికి తీసుకురా” అన్నాడు. “ఆ చెయ్యి మాత్రం దారిలో ఎక్కడా వదలకు.”