పక్కనున్న మనిషితో చెప్పు

మా ఊళ్లో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోరు. నాకేదైనా చెప్పాలంటే మా అన్న గెరాసిమ్ గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. "ఈ ఇంట్లో ఎవరో చేపల కింద పొగ ఆరిపోనిస్తున్నారు" అనేవాడు. నేను లేచి కట్టె వేసేదాన్ని. మా మర్యాద అది. మా ప్రేమ కూడా అదే.

ఆ ఏప్రిల్లో అన్న పడవ తిరిగి రాలేదు. తొమ్మిది రోజులు వెతికారు. మునిగినవాళ్లను, ఒంటినిండా బొచ్చూ కాలివేళ్ల మధ్య పొరా ఉండే నీటికుక్క మనుషులు పట్టుకుపోయి తమలో కలుపుకుంటారనీ, తర్వాత అయినవాళ్ల గొంతుతో పిలుస్తారనీ మాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పిలుపుకి పలికినవాళ్లు ఇంటికి రారు. నేను మాత్రం అన్న బతికే ఉన్నాడని మొండికేశాను.

పదోరోజు సాయంత్రం అక్సీనియా పిన్నీ నేనూ చిన్న పడవలో వెళ్లాం. హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టడానికి నీళ్లలో దించిన హెమ్లాక్ చెట్టు కొమ్మలు గుడ్లతో సహా పైకి లాగాలి. మగచేపలు వదిలిన సొనతో సముద్రం తెల్లగా ఉంది. పైన గద్దలు, రాళ్ల మీద సీల్స్, ఒకటే గోల. కొమ్మ సగం పైకొచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. గోల ఆగిపోయింది.

"పిన్నీ, గద్దలేమయ్యాయి?"

"నోరు మూసుకుని లాగవే."

తడి బొచ్చు వాసన వచ్చింది.

"తెక్లా."

ఒడ్డు వైపు నుంచి. అన్న గొంతే.

"తెక్లా... నన్ను చూడు. పడవ ఇటు తిప్పు."

చేతుల్లోంచి కొమ్మ జారిపోయింది. పిన్ని నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"పలక్కు" అంది గుసగుసగా. "వాడెప్పుడైనా నిన్ను పేరు పెట్టి పిలిచాడా? తనని చూడమన్నాడా?"

లేదు. పదేళ్లుగా లేదు. ఇద్దరం తెడ్లు అందుకున్నాం.

ఇరవైసార్లు వేశామో లేదో, మళ్లీ ఆ గొంతు. ఈసారి నీరసంగా... మరిచిపోయిందేదో కష్టపడి గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"పిన్నీ... నీ పక్కనున్న మనిషితో చెప్పు... చలేస్తోందని."

పిన్ని తెడ్డు ఆగిపోయింది. ఆమె నా మొహంలోకి చూసింది. తేల్చాల్సింది నేను.

మా మర్యాదలు ఆ నీటికుక్క మనుషులు కూడా నేర్చుకోగలరేమో. పిన్ని కోసం ఇంట్లో నలుగురు పిల్లలు చూస్తున్నారు. ఇవన్నీ తర్వాత చెప్పుకున్న సాకులు. నాకు భయమేసింది, అంతే.

"తెడ్డు వెయ్యి పిన్నీ" అన్నాను.

ఇంకోసారి పిలుపు రాలేదు.

తెల్లారాక మగవాళ్లతో కలిసి ఆ గొంతు వినిపించిన ఒడ్డుకి వెళ్లాను. రాళ్ల వెనక విరిగిన పడవ చెక్కలు, కొమ్మలు పరుచుకున్న పడక, ఇంకా వెచ్చగా ఉన్న బూడిద. అక్కణ్ణించి అడవిలోకి, బురదలో ఒక్క మనిషి అడుగులు. అన్నవే. గొడ్డలి దెబ్బకి పోయిన ఎడమకాలి చిటికెన వేలు ఆ గుర్తుల్లోనూ లేదు. ఏడుస్తూ వాటి వెంట నడిచాను. పది అడుగుల దాకా అవి మా అన్నవే.

పదకొండో అడుగులో వేళ్ల మధ్య పొర అచ్చుపడి ఉంది. చిటికెన వేలు కూడా ఉంది.