జీడిమెట్ట దిగుడులో బ్రేకు

అక్కుపల్లి నుంచి పలాస పోయే దారిలో జీడిమెట్ట దిగుడు ఉంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదంటారు. ఆపితే క్యాబిన్‌లోకి ఎవరో ఎక్కి కూర్చుంటారట. ఎక్కిందీ తెలియదు... దిగిందీ తెలియదు. పగలు ఈ మాటకి పకపకా నవ్వే డ్రైవర్లే రాత్రి అక్కడ హారన్ మీద చెయ్యి తియ్యకుండా పోతారు.

తొంభై తొమ్మిదిలో అసిరయ్యకి అక్కడే ఆగాల్సొచ్చింది.

చేపల పెట్టెలతో పాత మినీ లారీ. తొమ్మిదిన్నర రైలుకి పలాసలో సరుకు అందించాలి. దిగుడు మొదట్లో బ్రేక్ తొక్కితే — పెడల్ బురదలో కాలు పెట్టినట్టు మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, పక్క ఇసుకలోకి తిప్పి ఎలాగో ఆపాడు.

కొత్త ప్యాడ్లు ఆ పొద్దుటే వేశాడు. ముందు చక్రాల దగ్గర ప్యాడ్లని నొక్కే కాలిపర్లు రెండూ తుప్పు గీకడానికి ఊడదీసి మళ్ళీ బిగించాడు. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. ఎక్కడా కారడం లేదు. అంటే, లోపల గాలి చేరింది.

గాలి తియ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో పెడల్ కొట్టి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర కాలిపర్‌కుండే నిపుల్ మర వదులు చెయ్యాలి. ఇన్నేళ్ళూ పెడల్ మీద కాలు చిన్నతల్లిది. ఆర్నెల్ల కిందట కిడ్నీలు పోయి ఆ పెళ్ళాం కాస్తా పోయింది. పొద్దుట పెడల్‌కి కర్ర దన్ను పెట్టి ఒక్కడే తంటాలు పడ్డాడు పాపం.

ఇప్పుడూ కర్రే దన్ను పెట్టబోయి, పొద్దుట దాంతో పని కాలేదు కదా అని మానేశాడు. టార్చి పట్టుకుని చక్రం దగ్గర కూలబడ్డాడు. పాత అలవాటున నోరు జారింది.

"కొట్టు..."

టక్... టక్... టక్...

పైన పెడల్ కదిలింది.

"పట్టీసినాను, మావా."

లేచి పరిగెత్తాలనిపించింది. కానీ ఆర్నెల్లుగా అతన్ని మావా అన్న మనిషి లేదు. కదలకుండా నిపుల్ వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది... ఒక్క బుడగా రాలేదు.

"మెత్తగానే ఉంది మావా... నిపుల్ ఏటి, కిందకుంది?"

టార్చి వేసి చూశాడు. నిజమే! గాలి పైకి చేరుతుంది, నిపుల్ పైనుండాలి. ఎడమ కాలిపర్ కుడికీ, కుడిది ఎడమకీ బిగించేశాడు. చిన్నతల్లి ఉంటే ఊడదీసేటప్పుడే ఒకదానికి చీర పీలిక కట్టి గుర్తు పెట్టేది.

రెండూ విప్పి, తారుమారు చేసి బిగించాడు. క్యాబిన్ వైపు మాత్రం తలెత్తలేదు. చూస్తే ఎవరూ ఉండరేమోనని భయం.

"కొట్టు... పట్టుకో."

ఈసారి బుడగలు బుడబుడమంటూ వచ్చాయి. రెండు చక్రాలకీ తీశాడు. తర్వాత ఆయిల్ ఒక్కటే, తేటగా.

"రాయిలాగుంది మావా. ఇంక ఎల్లు... రైలుకి అందుతాది."

మధ్యమధ్య పోస్తూ వచ్చిన ఆయిల్ సీసా ఖాళీ. పైన బ్రేక్ ఆయిల్ డబ్బాలో అడుగున కాస్త ఆయిలే మిగిలింది. అదీ పోతే మళ్ళీ గాలి పడుతుంది, దిగుడులో బ్రేకుండదు. అది అసిరయ్యకి బాగా తెలుసు.

దూరంగా రైలు కూసింది. అసిరయ్య లేవలేదు.

"ఇంకా గాలుందే..." అని అబద్ధమాడాడు. "కొట్టు."

కాసేపు చప్పుడు లేదు.

టక్...