ఇంటర్వెల్ దాకా పెళ్లి

ఆ గురువారం సాయంత్రం కెనడాలోని సర్రీలో సినిమా హాలు ముందు వర్షంలో కారు దిగేసరికి వంశీధర్ దగ్గరున్న పెట్టుబడి ఇంతే. సైక్లోన్ స్టార్ అశ్వజిత్ కొత్త సినిమా 'నిప్పుల గోడౌన్' ప్రీమియర్‌కి రెండు టికెట్లు, ఒంటి మీద కిందటి హిట్టు నాటి నుంచి ఉతక్కుండా దాచిన నల్ల చొక్కా, నాలుక చివర ఒక వాక్యం. వాక్యం చిన్నదే. "ధాత్రీ, మనం పెళ్లి చేసుకుందామా?" అద్దం ముందు బాగానే పలికింది. ధాత్రి ముందు పలకాలంటే మాత్రం ఒక షరతు ఉంది. సినిమా హిట్టవ్వాలి.

వంశీధర్ బతుకు మొత్తం అశ్వజిత్ బాక్సాఫీసు మీదే నడిచింది మరి. కెనడా వీసా వచ్చిన వారం సినిమా హిట్టు. డ్రైవింగ్ టెస్ట్ తప్పిన వారం ఫ్లాపు. శాశ్వత నివాసానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్ తిరిగొచ్చిన నెలలో సినిమా వాయిదా. అప్లికేషన్ మీద సంతకం పెట్టడం మరిచింది తనే అయినా, ఆ తప్పును వాయిదా ఖాతాలోనే వేశాడు. దీన్ని బయటివాళ్లు మూఢనమ్మకం అంటారు. మనవాళ్లు సెంటిమెంట్ అంటారు. పేరు మారిస్తే పాత సరుకు కూడా కొత్త ధర పలుకుతుంది.

ధాత్రిది హన్మకొండ. ఇద్దరిదీ బర్నబీలో ఒకే ఆఫీసు. అతను కోడ్ రాస్తాడు, ఆమె అందులో తప్పులు పడుతుంది. పరిచయమే గొడవతో మొదలైంది. చేరిన వారమే అతని పనిని వెనక్కి పంపుతూ, "ఇది మీరే రాశారా, మీ మీద పగ ఉన్నవాళ్లెవరైనా రాశారా?" అని అడిగింది. అతను ఆ రోజంతా ఉడికిపోయాడు. సాయంత్రం స్కైట్రెయిన్‌లో పక్క సీట్లోనే కనబడితే మిగిలిన కోపం అక్కడ చూపించబోయాడు. ఆమె స్టేషన్ వచ్చేసరికి కోపం అయిపోయి కబుర్లు మిగిలాయి. అప్పటి నుంచి రెండేళ్లుగా ఆ కబుర్లు అయిపోలేదు.

ఇప్పుడు ఆమెకు విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చింది. దాంతో పీఆర్‌కి దారి కూడా సులువవుతుంది. ఆ సంగతి సోమవారం చెప్పింది.

"గురువారం రాత్రిలోపు వాళ్లకి జవాబు చెప్పాలి వంశీ."

"గురువారమే ప్రీమియర్. సినిమా అయ్యాక నీకొక మాట చెబుతా. అప్పటిదాకా ఆగు."

హాలు ఈలలతో దద్దరిల్లితే పార్కింగ్‌లోనే అడిగేయాలి. లేకపోతే ఆల్ ది బెస్ట్ చెప్పి ఆమెను విమానం ఎక్కించాలి. అంత పెద్ద బాధ్యత తన మీద పెట్టారని అశ్వజిత్‌కి తెలియదు పాపం.

హాలు లాబీలో పండగ జోరుగా ఉంది. నిలువెత్తు అట్ట అశ్వజిత్ గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. కార్పెట్ మీద చుక్క పడకూడదని మేనేజరు ముందే చెప్పాడు కాబట్టి, పాల డబ్బా మూత తీయకుండానే పాలాభిషేకం జరుగుతోంది. ఒకడు మూత ఉన్న డబ్బాను హీరో తల మీద వంచుతాడు, ఇంకొకడు వీడియో తీస్తాడు. కొబ్బరికాయలు పార్కింగ్‌లో కొట్టారు. వాటిని సెక్యూరిటీ పంజాబీ పెద్దమనిషి ఏరి ఒక సంచిలో భద్రంగా వేసుకున్నాడు. ధోల్ వాయించడానికి వచ్చిన కుర్రాణ్ని తీన్మార్ కొట్టమంటే భాంగ్రా కొట్టాడు. అభిమానులు దానికీ తీన్మారే వేశారు.

ధాత్రి గొడుగు విదిలించుకుంటూ వచ్చింది. ఎప్పుడూ నింపాదిగా నడిచే మనిషి, తలుపు దగ్గర ఫోన్ చూసుకుని అక్కడి నుంచి దాదాపు పరిగెత్తుకొచ్చింది.

"నీ ఫోన్ ఆన్‌లో ఉన్నదా?"

"పొద్దున్నే ఆఫ్ చేశా. టాక్ చెవిన పడకూడదు."

"మంచి పని చేశావ్. ఇటివ్వు, నా బ్యాగులో పెడతా. తడుస్తుంది."

"లోపల వర్షం ఎక్కడుంది?"

"నీ చొక్కా మీద ఉన్నది. దీన్ని ఎన్నడన్నా ఉతికావా?"

"ఉతికితే పవర్ పోతుంది."

"వాసన చూస్తే పవర్ ఇంకా పెరుగుతున్నట్టే ఉంది."

ఫోన్ ఆమె బ్యాగులోకి పోయింది. ఇంతలో అభిమాన సంఘం నాయకుడు శంకర్ వీళ్ల వైపు వచ్చాడు. మెడలో ఎర్ర కండువా ఉంది గానీ మొహంలో రంగు లేదు.

"వంశీ అన్నా, ఏంటంటే... టాక్..."

"శంకర్ గారూ, ధోల్ ఆగిపోయింది చూడండి," అంది ధాత్రి. "మీరు లేకపోతే అక్కడ ఊపే లేదు."

శంకర్ అటు నడిచాడు. వంశీధర్ మురిసిపోయాడు. ఈ అమ్మాయి ఇంత ఫ్యాన్ అని ఇన్నాళ్లూ తెలియలేదు. సెంటిమెంట్ పని చేస్తోందనడానికి ఇంకేం కావాలి.

ఆట మొదలయ్యే వేళ దాటింది. తలుపులు తెరుచుకోలేదు. సినిమాను సర్రీకి తెచ్చిన త్యాగరాజు గారు మైకు పట్టుకున్నారు. పగలు ఇళ్లు అమ్ముతారు, రాత్రి సినిమాలు ఆడిస్తారు. రెండింటికీ ఒకటే గొంతు.

"అందరూ కొంచెం ఓపిక పట్టాలి. సినిమా వచ్చింది. దాన్ని ఓపెన్ చేసే డిజిటల్ కీ ఇండియా నుంచి రావాలి. ఏ క్షణమైనా రావచ్చు. ఈలోగా మన స్పాన్సర్లు రెండు మాటలు మాట్లాడతారు."

"అంకుల్, డూప్లికేట్ తాళంచెవి చేయించలేదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. స్పాన్సరు ఒకాయన మైకు అందుకుని, వడ్డీ రేట్లు తగ్గే సూచనలున్నాయని, అశ్వజిత్‌లాగే మనమూ సొంత ఇంటి కోసం పోరాడాలని చెప్పడం మొదలుపెట్టాడు.

ధాత్రి వంశీధర్ మోచెయ్యి పట్టుకుని పాప్‌కార్న్ కౌంటర్ అవతలికి, అద్దాల గోడ పక్కకి తీసుకెళ్లింది. బయట వర్షం ధారగా పడుతోంది. ఆమె జుట్టు నుంచి ఒక చుక్క జారి చెంప మీద ఆగింది. తుడవాలా వద్దా అన్నది కూడా సినిమా చూశాకే తేల్చుకుందామనుకున్నాడు వంశీధర్.

"ఏదో మాట చెబుతానన్నావు కదా. ఇప్పుడు చెప్పు."

"సినిమా అయ్యాక."

"ఎట్లాగూ ఖాళీగానే ఉన్నాం."

"మూడ్ ఉండాలి కదా."

"వర్షం ఉంది, నేనున్నాను, వడ్డీ రేట్లు కూడా తగ్గుతున్నాయట. ఇంకేం మూడ్ కావాలి?"

"అయ్యాక చెబుతానన్నానుగా ధాత్రీ."

ధాత్రి బ్యాగులోంచి అతని ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"వంశీ, సినిమా పోయింది."

"ఎక్కడికి?"

"ఫ్లాప్ అయింది."

వంశీధర్ ముందు నవ్వాడు. ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"చాందిని. విన్నిపెగ్‌లో. అక్కడ గడియారం మనకంటే ముందు కదా, ఆట అయిపోయింది. నేను తలుపు దగ్గర ఉన్నప్పుడే మెసేజ్ పెట్టింది."

"మీ ఫ్రెండ్ వేరే హీరో ఫ్యాన్."

"దాని మొగుడు అశ్వజిత్ ఫ్యానే. కార్లో కూర్చుని మాట్లాడట్లేదట."

"డివైడ్ టాక్ అయ్యుంటుంది."

"ఇద్దరూ బాలేదనే అన్నారు. డివైడ్ ఎక్కడున్నది?"

"ఫ్యామిలీస్ కదిలితే నిలబడుతుంది."

"వాళ్లు ఫ్యామిలీయే. పాపని కూడా తీసుకెళ్లారు. పాప నిద్రపోయింది."

"ఫస్టాఫ్ సంగతేంటి?"

ధాత్రి అబద్ధం చెప్పలేకపోయింది. "ఫస్టాఫ్ పర్లేదట. ఇంటర్వెల్ సీన్ బాగుందట."

మునిగిన సరుకులో ఒక మూట తేలినట్టు వంశీధర్ మొహం వెలిగింది. "చూశావా. ఇంటర్వెల్ బాగుందంటే సగం హిట్టే కదా."

"అయితే సగమే అడుగుతావా? ఇంటర్వెల్ దాకా పెళ్లి చేసుకుందామా?"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేసరికి వంశీధర్ పాప్‌కార్న్ కౌంటర్‌ని పట్టుకున్నాడు.

"నీకెలా తెలుసు?"

"మీ రూమ్మేట్ అభిరామ్ చెప్పాడు. హిట్టయితే అడుగుతావట, ఫ్లాపయితే ఎయిర్‌పోర్ట్‌లో దింపుతావట. నేను బాక్సాఫీసునా వంశీ?"

అతను లాబీలో నిలబడ్డ అట్ట అశ్వజిత్ వైపు చూశాడు.

"ఇందాకటి నుంచి దాచిపెడదామనే చూశాను," అంది ధాత్రి, గొంతు తగ్గించి. "నీకు టాక్ తెలిసేలోపు నీ చేత ఆ మాట అనిపించేద్దామనుకున్నా. కానీ అట్లా తీసుకున్న మాట నాకెందుకు? రేపు కలెక్షన్లు చూసి ఫీలవుతావు. ఏడాదికి ఒక సినిమా వస్తుంది, ఏడాదికొకసారి నేను భయపడుతూ కూర్చోవాలి. అందుకే చెప్పేశా. సినిమా ఫ్లాపు. ఇప్పుడు నాతో ఏమన్నా మాట్లాడేది ఉన్నదా?"

అప్పుడే మైకులో త్యాగరాజు గారి గొంతు మోగింది. "కీ వచ్చేసింది. అందరూ లోపలికి రావాలి." లాబీ మొత్తం ఒక్కసారిగా కదిలింది. పాల డబ్బాలు, కండువాలు, పసిపిల్లలు, సగం తిన్న సమోసాలు తలుపుల్లోకి వెళ్లిపోయాయి.

వంశీధర్ కాళ్లు అటు లాగాయి. అశ్వజిత్ ఎంట్రీ అతను ఒక్కసారి కూడా తప్పలేదు. పైగా విన్నిపెగ్ వాళ్ల రుచి ఎవరికి తెలుసు? లోపలికెళ్లి తన కళ్లతో చూస్తే బాగానే ఉండొచ్చు. అప్పుడు షరతూ నిలబడుతుంది, వాక్యమూ బయటికొస్తుంది. లోపలి నుంచి సంగీతం మొదలైంది. ధాత్రి గొడుగు చేతిలోకి తీసుకుంది. ఆమె లోపలి వైపు చూడటం లేదు, బయటి తలుపు వైపు చూస్తోంది.

లోపల ఈలలు, కేకలు ఒక్కసారిగా లేచాయి. హీరో వచ్చేశాడు. వంశీధర్ లాబీలోనే ఉన్నాడు.

"వెళ్లొద్దు," అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వెళ్తే నా కోడ్‌లో తప్పులు ఎవరు పడతారు?"

"ఇంకొకర్ని పెట్టుకుంటారు."

"అది కాదు." అద్దం ముందు నేర్చుకున్న వాక్యం కోసం వెతికాడు. అది లోపలికెళ్లిన జనంతో పాటే వెళ్లిపోయినట్టుంది. "నువ్వు దిగిపోయాక స్కైట్రెయిన్‌లో మిగిలిన స్టేషన్లన్నీ దండగ అనిపిస్తాయి. ఒక్కోసారి నీ స్టేషన్‌లోనే దిగి, నువ్వు వెళ్లాక తర్వాతి ట్రెయిన్ ఎక్కుతా. నాకు భయం ధాత్రీ. నువ్వు కాదంటే ఆ తప్పు మోయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, అందుకే అశ్వజిత్‌ని పెట్టుకున్నా. సినిమా ఫ్లాపే. అయినా అడుగుతున్నా. పెళ్లి చేసుకుందాం."

ధాత్రి గొడుగు కింద పెట్టింది.

"ఆ 'అయినా' కోసమే వర్షంలో వచ్చాను," అంది. చెంప మీది చుక్క తనే తుడుచుకుంది. అది వర్షపు చుక్కేనా అని వంశీధర్ అడగలేదు. బుద్ధిమంతుడు.

ఆమె ఫోన్ తీసి ఏదో టైప్ చేయసాగింది.

"ఎవరికి?"

"విన్నిపెగ్ వాళ్లకి. వస్తున్నానని."

"అదేంటి? మరి నేను?"

"ఉండిపోతానని నేనెప్పుడన్నాను? ఆఫర్ మంచిది. నువ్వు నోరు విప్పకపోయినా ఇదే జవాబు పంపేదాన్ని. కాకపోతే నీ నంబర్ తీసేసి పంపేదాన్ని."

"నా ఉద్యోగమో?"

"ఇంటి నుంచి చేసేదే కదా. వారానికి రెండు రోజులు ఆఫీసుకొచ్చేది నాతో ట్రెయిన్ ఎక్కడానికని టీమ్ మొత్తానికి తెలుసు. మన మేనేజర్‌కి కూడా తెలుసు."

"నా హీరోని ఫ్లాప్ చేసిన ఊరికా?"

"అవును. అక్కడ సినిమాలు వారం ఆడవు గానీ చలి ఆరు నెలలు ఆడుతుంది. వస్తావా?"

వంశీధర్ జీవితంలో పెద్ద బేరాలేవీ ఆడలేదు. ఈ ఒక్కదాంట్లో తగ్గించమని అడగకపోవడమే అతని తెలివి. "వస్తా," అన్నాడు.

ఆ వెంటనే తెనాలికి ఫోన్ చేశాడు. అక్కడ అప్పుడే తెల్లవారి కాఫీల వేళ. అతని తల్లి సరోజ గారు అంతా విన్నారు. అమ్మాయిది ఏ ఊరో, ఏం చదివిందో అడిగారు. ధాత్రి ఫోన్ తీసుకుని "నమస్తే ఆంటీ" అంటే, "బాగుండమ్మా, వాడికి కాస్త చొక్కాలు ఉతుక్కోవడం నేర్పు" అన్నారు. తర్వాత కొడుకుతో గొంతు తగ్గించారు.

"అమ్మాయి మాట ముద్దుగా ఉందిరా. కాకపోతే ఇందాక టీవీలో చెప్పారు, సినిమా పోయిందట కదా. ఈ సంగతి వచ్చే వారం చెప్పకూడదూ? ఇంకేదో మంచి సినిమా ఉందంటున్నారు."

"సినిమా పోతే పోనీలే అమ్మా. ఇంక ఆ లెక్క చూడను."

"అబ్బో," అన్నారు సరోజ గారు. "అయితే ఆ పిల్లని వదలకు."

ఫోన్లు, సంబరం అయ్యేసరికి లోపల ఇంటర్వెల్ కూడా అయిపోయింది. టికెట్లు ఉన్నాయి కదా అని ఇద్దరూ వెళ్లి సెకండాఫ్‌కి కూర్చున్నారు. విన్నిపెగ్ వాళ్లు తక్కువే చెప్పారు. అశ్వజిత్ గోడౌన్‌కి నిప్పంటించి ఎంతసేపటికీ ఆర్పలేదు. ధాత్రి వంశీధర్ భుజం మీద తల పెట్టి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నిద్రపోయింది. అతను కదలకుండా, ఈల వేయకుండా చివరిదాకా కూర్చున్నాడు.

బయట వర్షం తగ్గింది. జనం ఎవరి మొహం వాళ్లు దాచుకుని కార్ల వైపు నడుస్తున్నారు. కండువా జేబులో కుక్కుకుంటున్న శంకర్ వంశీధర్ ఒక్కడే నవ్వుతుండటం చూసి ఆశగా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీకు నచ్చిందా?"

"సూపర్ హిట్," అన్నాడు వంశీధర్. శంకర్ ఆ మాటని వెంటనే గ్రూపులో పెట్టాడు. సర్రీ నుంచి ఆ సినిమాకి వచ్చిన మంచి టాక్ అదొక్కటే.

ఆ సాయంత్రం ఆ హాలుకి వచ్చినవాళ్లంతా నష్టంతోనే ఇళ్లకు పోయారు. త్యాగరాజు గారు మరీను. వంశీధర్‌కి పోయింది ఒక హీరో ఎంట్రీ, సినిమాలో బాగుందన్న సగం, ఒక పాత భయం. దక్కింది పక్కన నిద్రమొహంతో కారెక్కిన అమ్మాయి, తల్లి ఆశీర్వాదం, ఇంతవరకూ చూడని ఒక ఊరు, ఆ ఊరి చలికి తట్టుకునే కోటు కొనుక్కోవలసిన అవసరం.