గీతం అయ్యేదాకా ఆగండి సార్!

పరుగు!

జుల్మా వెనక్కి చూడడం లేదు. వెనక బూట్ల చప్పుడు... ఇంకా దగ్గరగా!

మాంటెవిడియోలో పొద్దు వాలుతోంది. స్టేడియం గేటు దగ్గర తొక్కిసలాట. ఆ సందులోంచే ఆమె లోపలికి దూరిపోతుంది. వెనక బూట్ల చప్పుడు జనంలో కలిసిపోయింది.

చేతిలో వేడి వేడి టోర్తాల పొట్లం. కాగితమంతా నూనె. వేయించిన ఆ రొట్టెల మధ్య ఒక ఫిల్మ్ రోల్!

అందులో ఆమె తమ్ముడు రామిరో ఉన్నాడు. బ్యారక్స్ పెరట్లో, కళ్లకు గంతలతో... ప్రాణాలతో!

"అలాంటివాణ్ణి మేం అరెస్టే చెయ్యలేదు" అని మిలటరీ సర్కారు ఇన్నాళ్లూ బొంకుతోంది. ఈ ఫొటో విదేశీ పేపర్లో పడితే ఇక వాణ్ణి మాయం చెయ్యలేరు. పడకపోతే?

నీలం ఫ్లాస్కు పట్టుకున్న మనిషికి ఇవ్వాలి. పై వరసలో కూర్చున్న విదేశీ విలేకరికి అతను చేరుస్తాడు. ఆ ఫ్లాస్కు మనిషి మొహం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అక్కా! ఇటు!"

చంకలో నీలం ఫ్లాస్కుతో ఒకడు చెయ్యి ఊపుతున్నాడు.

"ఇంత లేటా? ఇటివ్వు, త్వరగా!"

జుల్మా పొట్లం అందించబోతుంది...

బ్యాండ్! జాతీయగీతం!

అందరూ లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఈ దేశంలో గీతం పాడే పద్ధతే వేరు. మొదట అంతా గొణుగుతారు. నియంతల్ని వణకమనే ఆ ఒక్క పాదం దగ్గర మాత్రం గొంతులు చించుకుంటారు. జాతీయగీతం పాడారని ఎవర్ని జైల్లో వేస్తారు?

ఫ్లాస్కు వాడు మాత్రం మొదట్నుంచీ గట్టిగా పాడుతున్నాడు. పెరేడ్‌లో పాడినట్టు!

ఆ పాదం వచ్చింది. స్టేడియం దద్దరిల్లింది!

వాడి నోరు... టక్కున మూతపడింది.

పోలీసు! అంటే అసలు మనిషి దొరికిపోయాడు!

బ్యాండ్ ఆగింది. వాడు ఆమె మణికట్టు పట్టేశాడు.

"కనిపెట్టేశావే! మర్యాదగా ఇవ్వు. లేదంటే తమ్ముడి మీద ఆశ వదులుకో." గేటు వైపు తిరిగి అరిచాడు. "సోల్జర్! ఇటు రా!"

కుర్ర సైనికుడు పరుగున వస్తున్నాడు.

జుల్మాకి భయం లేదు. ఒళ్లంతా కోపమే! నోరు తెరిచి... మళ్లీ గీతం అందుకుంది. ఒంటరిగా, శ్రుతి లేకుండా.

ముందు వరసలో ముసలమ్మ గొంతు కలిపింది. తర్వాత వరస. తర్వాత స్టాండ్ మొత్తం!

సైనికుడు ఉన్నచోటే ఆగిపోయాడు. మడమలు కలిశాయి. సెల్యూట్!

జుల్మా రెండో చేత్తో పొట్లం ముసలమ్మ చేతుల్లోకి విసిరింది. "పైకి! పై వరసలో విదేశీ విలేకరికి!"

పొట్లం చేతులు మారుతూ పైకి... ఇంకా పైకి!

పోలీసు ఆమెను వదిలేసి దూకబోయాడు. ఎవరూ జరగరే!

"గీతం వస్తుంటే కదలకూడదు నాయనా," అంది ముసలమ్మ. "మీరు పెట్టిన రూలేగా!"

వాడు పిస్టల్ లాగాడు. "సోల్జర్! చెయ్యి దించి ఆ పొట్లం పట్టుకో! ఆర్డర్!"

పై వరసలో విలేకరి పొట్లాన్ని కోటులో దాచేసుకున్నాడు.

సైనికుడు పిస్టల్ వైపు చూశాడు. చెయ్యి మాత్రం నుదుటి మీంచి దిగలేదు.

మళ్లీ ఆ పాదం వచ్చింది.

ఈసారి అందరికన్నా గట్టిగా అరిచింది... ఆ సైనికుడే! పోలీసు కళ్లలోకి సూటిగా చూస్తూ!