కట్టు ఆరేదాకా

పుత్తూరు కట్టు వాసన ఒకసారి ముక్కుకు తగిలిందంటే ఇంక జన్మలో మరిచిపోరు. పచ్చాకు పసరూ, కోడిగుడ్డు తెల్లసొనా కలిసిన నీసు వాసన అది. ఎముక విరిగిన చోట పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, పైన తెల్లసొన పూస్తారు. ఆరిందా, రాయి. ఆరకముందు అదిరిందా, కట్టిన కట్టు వృథా. అందుకే కట్టు కట్టే కుప్పయ్య రోగికి పథ్యం చెప్పినాక, బండి తోలేవాడిని కూడా పిలిచి ఒక మాట చెప్పేవాడు. "కట్టు ఆరేదాకా మెల్లంగా పో నాయనా."

మాటతో పాటు ఒక గుడ్డ పీలిక కూడా ఇచ్చేవాడు. రోగికి చుట్టిన గుడ్డలోనుంచే చించి, తెల్లసొనలో ముంచి ఇచ్చేవాడు. దాన్ని బండి వెనక కడ్డీకి కట్టుకోవాల. పీలిక ఊగతా ఉందంటే లోపల పచ్చి కట్టు ఉందని ఆ దారిన తిరిగే అందరికీ తెలుసు. లారీవాడైనా, బస్సువాడైనా హారన్ కొట్టకుండా వెనకాలే నిదానంగా వచ్చి, సందు దొరికినప్పుడు తప్పుకొని పోయేవాడు. ఇదేమీ ఎవరో రాసిపెట్టిన చట్టం కాదు. రేపు మన కాలే విరగొచ్చు గదా అనే భయం, అంతే.

రేణిగుంటలో కాపురం ఉండే గిరి, పుత్తూరుకీ తిరుపతికీ మధ్య వ్యాను తోలేవాడు. మనిషి మంచోడే. కాకపోతే స్టీరింగు పట్టుకుంటే పూనకం వచ్చేది. ముందర ఏ బండీ పోకూడదు, పోతే వాడి మీసానికి అవమానం. అట్లాంటివాడు కూడా మొదట్లో పీలిక కట్టిన రోజు బుద్ధిమంతుడి మాదిరి ముప్పైలోనే పోయేవాడు.

తొంభైల చివర్లో ఆ రోడ్డు వెడల్పు చేసినారు. చింతచెట్లు కొట్టేసినారు. ఊళ్ళ ముందరి స్పీడు బ్రేకర్లు చెక్కేసినారు. ఎర్ర సున్నాలో నలభై అని ఉండే బోర్డు పీకేసి, ఎనభై అని కొత్త బోర్డు నాటినారు. గిరికైతే పండగే. ఆ బోర్డు కింద బండి ఆపి కొబ్బరికాయ కొట్టినాడంటే మీరు నమ్మరు గానీ, కొట్టినాడు.

రోడ్డు మారింది, బోర్డు మారింది, ఎముకలు మాత్రం మారలేదు. కట్టు ఆరడానికి ఎంత పొద్దు పట్టేదో అంతే పడతా ఉంది. ఎనభైలో వచ్చేవాడికి ముప్పైలో పోయే బండి వెనక పీలిక కనబడేసరికే ఆలస్యమైపోయేది. వెనక బ్రేకులు కీచుమనడం, బూతులు తిట్టడం మొదలైంది. దాంతో డ్రైవర్లు ఒక్కొక్కరే పీలిక కట్టడం మానేసినారు. అందరికంటే ముందు మానేసింది మన గిరే. ఆఖరికి పీలిక కట్టేవాడు పాత మెటడోర్ తోలే మునిరత్నం ఒక్కడే మిగిలినాడు. ఎనభై దాకా పోవచ్చునని రాసినారు గానీ పోయి తీరాలని రాయలేదు గదప్పా అని నవ్వేవాడు.

ఒకరోజు తాయమ్మ అనే ముసలామె గిరి వ్యాను ఎక్కింది. బావి గట్టున జారిపడి కాలు విరిగి, తుంటి దాకా కట్టు. కుప్పయ్య దగ్గర గుడ్డ చాలకపోతే తన కోక కొంగే చించి ఇచ్చిందంట. ఆకుపచ్చ కోక, పసుపు అంచు. సీట్లో కాలు చాపుకొని కూర్చొని, పీలిక కట్టినావా నాయనా అని అడిగింది. ఇప్పుడవన్నీ లేవవ్వా అన్నాడు గిరి. మెల్లంగా పోతావు గదా అని అడిగింది. బండి నిండేలోగా అదే మాట ఎన్నిసార్లు అడిగిందో. గిరికి చిర్రెత్తింది. అంత భయమైతే ఆ మునిరత్నం బండి ఎక్కుపో అని, మనుషుల చేత ఎత్తించి ఆమెను మెటడోర్‌లో కూర్చోబెట్టినాడు. దిగేటప్పుడు ఆమె గిరిని ఊరికే చూసింది.

ఆ సాయంత్రం వడమాలపేట దాటినాక వచ్చే మలుపులో, చింతచెట్లు కొట్టేసిన చోట, రాళ్ళ లారీ ఒకటి మెటడోర్‌ని వెనకనుంచి గుద్దింది. మునిరత్నమూ లేడు, తాయమ్మా లేదు.

గిరికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారేసరికి ఒక సమాధానం వెతుక్కున్నాడు. మెల్లగా పోబట్టే పోయినారు, నాతో వచ్చుంటే ముసలామె బతికేది అన్నాడు. టీ అంగడి దగ్గర అందరికీ అదే చెప్పినాడు. అందులో అబద్ధమేముంది అని మీరూ అంటారేమో. గిరి కూడా అట్లనే అనుకున్నాడు. అనుకుంటా అనుకుంటా మరిచిపోయినాడు.

మరుసటి ఏడు కార్తీకం ముసురులో గిరి కూతురు ఐశ్వర్య బడి గోడ మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఏడేళ్ళ పిల్ల, ఒక్కతే బిడ్డ. భార్య కోమలికి జ్వరంగా ఉంటే, గిరి ఒక్కడే పాపను వేసుకొని పుత్తూరు పోయినాడు. కుప్పయ్య ఎముక సర్ది కట్టు కట్టినాడు. కట్టి, గిరిని పక్కకు పిలిచినాడు. మోచేయి దగ్గర విరిగింది, ఒక్కసారే అతుక్కోవాల, కదిలితే ఆడబిడ్డకు జన్మంతా చెయ్యి వంకరే అన్నాడు. కొత్త తెల్లగుడ్డలోనుంచి పీలిక చించి ఇచ్చినాడు.

గిరి ఆలోచించినాడు. పీలిక కట్టి ముప్పైలో పోతే మునిరత్నానికి పట్టిన గతే పట్టొచ్చు. అందరితో పాటు పోతేనే బిడ్డకు క్షేమం. అరవైలో పోదాం, అటూ ఇటూ కాకుండా. కన్నతండ్రి గదా, బాగా ఆలోచించే చేసినాడు. ఊరు దాటకముందే పీలికను మురికి కాలవలో పారేసినాడు.

దీపాలు పెట్టే వేళ. సన్నగా తుంపర పడతా ఉంది. పాపను పక్క సీట్లో కూర్చోబెట్టి, కట్టు కింద దిండు పెట్టినాడు. బండిలో ఇంకెవరూ లేరు. వైపర్ గీరుకుంటా తిరగతా ఉంది. కట్టు వాసన బండంతా నిండింది. గిరి అద్దం దించినాడు. వాసన తగ్గలేదు. ఇంకా చిక్కనైంది. ముందర సీటు నుంచి కాదు... వెనకనుంచి వస్తా ఉంది.

వడమాలపేట దాటినారు. పాప తల తిప్పి వెనక్కి చూసింది. తరవాత గిరి వైపు వంగి, గుసగుసగా అనింది.

"నాయనా... మెల్లంగా పోవాలంట."

"ఎవురు చెప్పింది?"

"అవ్వ. ఎనక సీట్లో కాలు చాపుకోనుండాది."

గిరి అద్దంలో చూసినాడు. సీటు ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది గానీ, మనిషి కూర్చున్నట్టు మధ్యలో అణిగి ఉంది.

వాడి పై ప్రాణాలు పైనే పోయినాయి. భయమేస్తే వాడికి తెలిసిన పని ఒకటే. తొక్కినాడు. డెబ్బై. ఎనభై. కట్టులో వెదురు బద్ద టిక్కుమనింది. పాప కెవ్వుమనింది. నొప్పి నాయనా, నొప్పి నాయనా అని ఏడుపు. గిరి చెవి పక్కన చల్లగా, తడిగా, ఊపిరి తగిలింది.

"ముందు నీ బండే గదా నాయనా నేనెక్కింది..."

గిరి కాలు తీసేసినాడు. ముల్లు దిగింది. అరవై, నలభై, ముప్పై. ముప్పైకి రాగానే పాప ఏడుపు ఆగిపోయింది. చేత్తో తుడిచినట్టు నొప్పి పోయిందంట.

అప్పుడే మలుపు వచ్చింది. చింతచెట్లు లేని మలుపు. వెనకనుంచి వెలుగు పడింది. లారీ. లోడు మీద ఉన్న లారీ, దిగువకు వస్తా ఉంది. వెలుతురు పెద్దదవుతా ఉంది. గిరి కాలు యాక్సిలేటర్ మీద పెట్టినాడు. బద్ద టిక్కుమనింది. పాప మూలిగింది. కాలు తీసేసినాడు. పక్కకు దిగుదామంటే కొత్త రోడ్డు, నడుమెత్తు కట్ట. కింద నీళ్ళు. తొక్కితే బిడ్డ చెయ్యి. తొక్కకపోతే...

వెలుతురు బండంతా నిండింది. అద్దంలో వెనక సీటు కనబడింది. సీటు మీద తుంటి దాకా కట్టు కట్టిన కాలు. తడిగా మెరస్తా ఉంది. దానికి పైన చూసే ధైర్యం గిరికి లేకపోయింది. ఒక చేత్తో పాపను అదుముకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

గుద్దలేదు.

లారీ వెనకాలే ఉంది. హారన్ లేదు, తిట్టు లేదు. ముప్పైలో, బుద్ధిగా, రేణిగుంట దాకా వెనకాలే వచ్చింది. ఊరి మొదట్లో పక్కకు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, నువ్వు పీలిక కట్టబట్టి సరిపోయిందప్పా, అది తళుక్కున మెరిసి కంటికి కొట్టింది, లేకపోతే నా బ్రేకులకు నువ్వు దక్కేవాడివి కాదు అన్నాడు.

గిరి దిగి వెనక్కి పోయినాడు. కడ్డీకి పీలిక కట్టి ఉంది. ఆకుపచ్చ గుడ్డ, పసుపు అంచు. ముట్టుకుంటే వేలికి జిగటగా తెల్లసొన అంటింది.

పాప చెయ్యి చక్కగా అతుక్కుంది, గీత పెట్టినట్టు. పీలికను మాత్రం గిరి ఎన్నిసార్లు విప్పి పారేసినా తెల్లారేసరికి కడ్డీకే ఉండేది. పొయ్యిలో వేసినా అంతే. రోహిణి కార్తె ఎండలో కూడా అది ఆరలేదు. ఖాళీ బండే గదా అని ఒకరోజు యాభైకి పోనిచ్చినాడు. సరిగ్గా ఆ వేళకే బళ్ళో ఐశ్వర్య చెయ్యి పట్టుకొని కింద పడి కేకలు పెట్టిందని కబురొచ్చింది. ఇంకోసారి పరీక్ష చేసినాడు. ఇంకోసారీ అంతే. కోమలి మొగుడి చెయ్యి తీసి బిడ్డ తల మీద పెట్టించి ఒట్టేయించుకుంది. అప్పటినుంచి గిరి బండి ముల్లు ముప్పై దాటలేదు. దాటబోతే చాలు, మెల్లంగా పో నాయనా అని వెనక సీటునుంచి వినబడేది. జనం వాడికి ముప్పై గిరి అని పేరు పెట్టినారు. వెనకొచ్చే ఏ లారీవాడూ వాడికి హారన్ కొట్టేవాడు కాదు.

ఇంతటితో అయిపోయుంటే బాగుండేది. ఒకరోజు తెల్లారేసరికి కడ్డీకి రెండో పీలిక ఉంది. గళ్ళ లుంగీ ముక్క, తడిగా. ఆ సాయంత్రం మలుపులో లారీ క్లీనరు ఒకడు పోయినాడు. గళ్ళ లుంగీ కట్టుకోనుండాడని చెప్పినారు. తరవాత ఒక కాషాయం గుడ్డ. కొండకు నడిచిపోయే భక్తుడు ఒకాయన పోయినాడు. బోర్డు మీద ఎనభై చెక్కు చెదరలేదు గానీ, కడ్డీకి మాత్రం గుడ్డలు పెరగతా వచ్చినాయి. గిరి పోలీసులకు చెప్పినాడు, నవ్వినారు. మలుపులో నిలబడి చేతులూపినాడు, బండ్లవాళ్ళు పక్కకు తప్పించుకొని పోయినారు. ఖాళీ బండి తోలినా టైర్లు నిండు బండికి మాదిరి అణిగి ఉండేవి.

ఏండ్లు గడిచినాయి. ఐశ్వర్య పుత్తూరు కాలేజీలో చేరింది. నాయన బండెక్కితే మొదటి క్లాసు అయిపోతుంది గదా. అయినా గిరి బతిమాలి బతిమాలి తన బండిలోనే దించేవాడు.

మొన్న సోమవారం గిరి బండి తుడవడానికి వెనక్కి పోయినాడు. కడ్డీకి కొత్త పీలిక ఉంది. నీలం రంగు, తెల్ల చుక్కలు. ఐశ్వర్య చున్నీ.

గిరి ఇంట్లోకి పరిగెత్తినాడు. గడప దగ్గర పాప చెప్పులు లేవు. పరీక్ష ఉందంట, ఫ్రెండ్ వాళ్ళ కారులో ఇప్పుడే పోయింది, ఆ కారు బాగా పోతాదంట అని కోమలి పొయ్యి దగ్గరనుంచే చెప్పింది. మొగుడి మొగం చూసి ఆమె చేతిలో గరిటె జారిపోయింది.

ఫోన్ చేస్తే పాప ఎత్తలేదు. గిరి బండి తీసినాడు. ఊరు దాటినాడు. ముల్లు ముప్పై మీద ఉంది. దూరంగా, రోడ్డు చివర, చిన్న తెల్ల కారు పోతా ఉంది. ఇంకా చిన్నదవుతా ఉంది. తొక్కితే బిడ్డ చెయ్యి. తొక్కకపోతే బిడ్డే.  ఇన్నేండ్లూ విన్న మాట మళ్ళీ వినబడుతుందని చెవులు రిక్కించినాడు. మెల్లంగా పో నాయనా అంటుందని.

వెనక సీటు కిర్రుమనింది. నీసు వాసన ముందుకు వంగింది.

"బిర్నా పో నాయనా," అనింది అవ్వ. ఇన్నేండ్లలో మొదటిసారి తొందరపెట్టింది. "బిర్నా పో..."