వట్టి చేతులతో ఇరవయ్యో అల

మే నెల ఎండకు డోర్నకల్‌ల కుక్క సుత నీడ విడిచి కదలదు. రైల్వే క్వార్టర్ల శోభారాణి తలుపులు బిగించి, కిటికీలకు తడి చద్దర్లు కట్టి, ముందర గదిని పట్టపగలే చీకటి చేసింది. కూలరు గర్రుమంటున్నది. తడిసిన గడ్డి వాసన, దాని మీదికెళ్లి పొద్దున కలిపిన మామిడికాయ తొక్కు వాసన. అత్త ఉంటే ఈ పూట కంప్యూటర్ ముందట కూసోనియ్యకపోవు. "మిట్టమధ్యాహ్నం గాలి ధూళి తిరిగే ఏళ, ఎనుక నుంచి పిలిస్తే పలుకొద్దు, గమ్మున పండుర్రి" అంటది. కాని అత్త నర్సింహులపేటల ఉన్నది. మొగుడు రఘునాథ్ సిగ్నళ్ల పని మీద మహబూబాబాద్ దిక్కు పోయిండు. ఇగ అడిగేటోళ్లు ఎవలున్నరు?

ల్యాప్‌టాప్ ఆడబిడ్డ అలేఖ్యది. పరీక్షలకు చదువుకుంటనని అన్న దగ్గర వచ్చి ఉన్నది. చదువు సంగతి దేవునికెరుక, ఆ ల్యాప్‌టాప్‌ల 'లాంతరు' అనే ఆట మాత్రం జొరబడ్డది. మొదలు వదినకు నేర్పింది అలేఖ్యనే. ఇప్పుడు వదిన చేతిలకెళ్లి గుంజుకునుడు ఆమె తరం గాదు.

ఆట ఏందంటే, నల్లటి చీకట్ల ఒక మైదానం. నడుమ లాంతరు పట్టుకున్న మనిషి ఒక్కడే. నాలుగు దిక్కుల నుంచి నల్లటి ఆకారాలు దండు కట్టి వస్తయి. ఒక్కో దండు ఒక్కో అల. గడువు అయ్యేదాకా పాణంతోని నిలవడితే అల దాటినట్టు. గట్ల ఇరవై దాటాలె. అలకూ అలకూ నడుమ ఒక దుకాణం తెరుచుకుంటది. అండ్ల ఏం కొంటమో గదే మన బలం. మనిషి పడిపోయిండా, కొన్నయన్ని పాయె, మళ్ల మొదటికే.

అలేఖ్య అన్నీ జరంత జరంత కొంటది. ఒక తుపాకి, ఒక కత్తి, ఇంత కవచం, ఇంత ఉరుకుడు. కలగూరగంప! అందుకే పన్నెండో అలకే బొక్కబోర్ల పడ్తది. శోభారాణిది ఒక్కటే తొవ్వ. చేతులనిండ కత్తులు, కొట్టిన ప్రతి దెబ్బకు ఇంత పాణం తిరిగొచ్చే మందు. వాటికంటె ముందు కాళ్లకు ఉరుకుడు కొంటది. దగ్గరికి పోకముందే పడిపోతే కత్తులెందుకు మరి?

"దూరం నుంచి కాల్చుకుంట ఉరికేటోళ్లకు పాణం తగ్గుడే గాని పెరుగుడు ఉండదు పిల్లా" అన్నది ఆ రోజు సుత. "మీద పడాలె. కొట్టిన కొద్ది బలమొస్తది."

"అన్న మీద సుత గిట్లనే పడ్తవా వదినా?"

"మీ అన్నకు కవచం ఎక్కువ. ఎంత కొట్టినా తాకది."

ఇద్దరు పగలబడి నవ్విన్రు. పదహారో అల దాటింది. దుకాణం తెరుచుకున్నది.

ఆ దుకాణంల ప్రతి వస్తువు కింద రెండు గీతలుంటయి. పచ్చ గీత మీద వచ్చేది, ఎర్ర గీత మీద పోయేది రాసి ఉంటది. ఊరికె ఏదీ రాదు. ఆ రోజు ఎన్నడూ చూడని వస్తువు ఒకటి కనవడ్డది. ముడేసిన నల్ల తాడు. పచ్చ గీత మీద, కత్తుల దెబ్బ రెండింతలు. ఆట మొత్తం ఇంగ్లీషులనే ఉంటది గాని, ఆ తాడు కింద ఎర్ర గీత మాత్రం తెలుగుల ఉన్నది.

'ఇంట్ల ఒక సప్పుడు పోతది.'

"గిదేందే? మన తెలుగు ఎప్పుడు వచ్చింది ఈ ఆటల?" అనుకుంటనే శోభారాణి కొన్నది.

పదిహేడో అల ఇట్టే దాటింది. అప్పుడు అలేఖ్య మెడ తిప్పి కూలరు దిక్కు చూసింది. రెక్కలు తిరుగుతున్నయి. గాలి ముఖానికి తాకుతున్నది. సప్పుడు మాత్రం లేదు.

"మోటర్ బాగైనట్టున్నది" అన్నది శోభారాణి. దుకాణంల మళ్ల నల్ల తాడే. 'ఇంట్ల ఒక వాసన పోతది' అని ఉన్నది. నవ్వుకుంట కొన్నది. పద్దెనిమిదో అల నడుమ తొక్కు వాసన ఆగిపోయింది. అలేఖ్య వంటింట్లకు పోయి జాడీ మూత తీసి ముక్కు పెట్టి చూసి, తెల్లముఖం ఏసుకొని వచ్చింది.

"వదినా… తొక్కు వాసన వస్తలేదు."

వదిన వింటేనా! మూడో తాడు కూడా కొనేసింది. పచ్చ గీత చూసింది, మీటింది, పందొమ్మిదో అలల జొరబడ్డది. దెబ్బ ఎన్నో ఇంతలు పెరిగింది. ఆకారాలు చెరుకు నరికినట్టు తెగి పడుతున్నయి.

"ఎర్ర గీత చదివినవా?" అలేఖ్య వదిన భుజం తట్టింది. "నేను చదివిన వదినా. 'ఇంట్ల ఒక మనిషి పోతది' అని ఉండె."

శోభారాణి చేతులు ఆడుతనే ఉన్నయి. పెదవి మీది నవ్వు మాత్రం ఆరిపోయింది. అల దాటంగనే ఫోన్ మోగింది. రఘునాథ్. ఫోన్ సౌండ్ పెద్దగ పెట్టింది.

"తిన్నవా?" అన్నడు.

"ఇంక లేదు. అలేఖ్య సుత తినలే."

"అలేఖ్య ఎవలు?"

"పరాచికాలకు గిదా పూట? నీ చెల్లె!"

"నాకు చెల్లె ఎక్కడిదే? నేను ఒక్కణ్నే గదా మా అవ్వకు. ఎండ దెబ్బ గిట్ల తాకిందా ఏంది నీకు?"

"అన్నా! నేనే అన్నా!" అని ఫోన్ మీదికి వంగి అరిచింది అలేఖ్య. అవతల ఆయనకు వినబడలే. "జర నీళ్లు తాగి పండుకో" అని పెట్టేసిండు.

శోభారాణి ఆడబిడ్డ చెయ్యి పట్టుకున్నది. చల్లగ ఉన్నది. ఆ చేతిలకెళ్లి కింద సాప గీతలు కనవడుతున్నయి…

"బంద్ చెయ్యి వదినా, బంద్ చెయ్యి" అని ఏడ్సింది అలేఖ్య. శోభారాణి ల్యాప్‌టాప్ మూత వంచింది. మూత వంగిన కొద్ది అలేఖ్య గొంతు సన్నబడ్డది. ముఖం సుత పలచబడ్డది. ఎంటనే మూత మళ్ల ఎత్తింది.

భయం అయితే అయ్యింది. అబద్ధమెందుకు? కాని భయం ఎనుకనే కోపం వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తల ఈ ఇంట్ల తనతోని మొదలు మాట్లాడింది ఈ పిల్లనే. ఈ పిల్లను అడుగుతదా ఆ తాడు? అడుగకుంట తీసుకపోతదా?

దుకాణంల కొన్నదాన్ని వాపస్ ఇయ్యొచ్చు. ఇస్తే వచ్చిన బలం పోతది, పోయింది తిరిగొస్తది. గదే ఆట రివాజు. శోభారాణి నల్ల తాడును మీటింది. తెర మీద మళ్ల తెలుగు అక్షరాలు.

'తిరిగి ఇయ్యాల్నంటె అన్ని ఇయ్యాలె. ఇరవయ్యో అలల పడితే ఏది తిరిగి రాదు.'

"వద్దు వదినా" అన్నది అలేఖ్య. మాట కాదు, ఊపిరి లెక్క వినవడ్డది. "వట్టి చేతులతోని… ఎవలు దాటలే…"

"ఎవలు దాటకుంటె నేను దాటుత. నువ్వు లేకుంట గెలిచి ఏం జేసుకోను?"

కత్తులు ఇచ్చింది. మందు ఇచ్చింది. కాళ్ల ఉరుకుడు సుత ఇచ్చింది. ఆఖరి తాడు పోంగనే కూలరు గర్రుమని లేచింది. తొక్కు వాసన గుప్పుమని ముక్కులకు కొట్టింది. అలేఖ్య మాత్రం ఇంక సగమే ఉన్నది.

ఇరవయ్యో అల.

కొట్టనీకి ఏం లేదు. ఉన్నదొక్కటే ఉపాయం. ఆకారాలకు ఎనుకవడుడే తెలుసు, అడ్డం తిరుగుడు తెలవదు. అందుకని మైదానం అంచు పట్టుకొని గానుగెద్దు లెక్క గుండ్రంగ తిరిగింది. తిరిగిన కొద్ది అవన్ని ఒకటే తోకయి ఎంబడి వడ్డయి. ఒక్కటి తాకింది… పాణం సగమయ్యింది. ఇంకొకటి… పావు.

అప్పుడు పిలుపు మొదలయ్యింది. తెరల నుంచి గాదు. వీపు ఎనుక నుంచి.

"వదినా…"

అలేఖ్య గొంతే. అలేఖ్య పక్కనే కూసొని రెండు చేతుల నోరు మూసుకొని ఉన్నది.

"వదినా… ఇటు చూడవా…"

తడి మట్టి వాసన మెడ మీద తాకింది. ఎవలో వంగి ఊపిరి ఇడుస్తున్నట్టు… శోభారాణి పండ్లు బిగవట్టింది.

"పిలుసుకో, నీ ఇష్టం. నేను పలుక. నా పిల్ల నా పక్కన ఉన్నది" అన్నది బిగ్గరగ. ఏలు మీటల మీదికెళ్లి తియ్యలే. ఒక్క సుట్టు… ఇంకొక్క సుట్టు… చూపు తిప్పలే.

తెర తెల్లగయ్యింది. గెలిచింది.

అలేఖ్య వదిన మీద పడి బోరుమన్నది. బరువున్నది, వెచ్చగున్నది, సాప గీతలు కనవడుతలేవు. శోభారాణికి ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినయి. "ఏం పీకినవ్ రా నువ్వు?" అని తెర దిక్కు చూసి తిట్టి, ఉరికురికి మొగునికి ఫోన్ చేసింది.

"అలేఖ్య ఎవలో తెలుసా నీకు?"

"నా చెల్లెను నాకు తెల్వదా? పిచ్చి లేసిందా?"

"అబ్బ! బతికిచ్చినవ్."

"సరే గాని, ఇద్దరు తిన్నరా?"

"నేను ఇంక తినలే, అలేఖ్య సుత…"

"నిన్ను గాదే. నా చెల్లెండ్లు ఇద్దరు తిన్నరా అంటున్న."

వంటింట్ల పళ్లెం సప్పుడయ్యింది.

శోభారాణి ఫోన్ కింద పెట్టింది. కొంగు నడుముకు దోపింది. మూలకున్న రోకలి అందుకున్నది. "నా ఎనుకనే ఉండు. పలుకకు" అని అలేఖ్యకు మెల్లగ చెప్పి వంటింటి దిక్కు నడిచింది. నాలుగు అడుగులు ఏసినంక ఎనుక నుంచి చెయ్యి వచ్చి కొంగు పట్టుకున్నది. పట్టుకోనీ, భయపడ్డ పిల్ల అనుకున్నది.

వంటింట్ల ఎవ్వలు లేరు. బండ మీద మూడు పళ్లాలు పరిచి ఉన్నయి. మూడో దాంట్ల అన్నం కలిపి ఉన్నది, వేళ్ల గుర్తులతోని.

"ఈ ఇంట్ల ఎందరో నేను చెప్త. నాకొక్క ఆడబిడ్డనే" అన్నది శోభారాణి. మూడో పళ్లెం ఎత్తి, పెరటి తలుపు తన్ని, ఎండల దూరం ఇసిరికొట్టింది. "నీకు అన్నం పెట్ట. పో!"

సప్పుడు లేదు. తర్వాత వీపు ఎనుక నుంచి, చెవి పక్కకెళ్లి, సన్నగ వచ్చింది మాట.

"గా పళ్లెం నాది, వదినా."

అప్పుడే ముందర గదిలకెళ్లి అలేఖ్య గొంతు వినవడ్డది. "వదినా, నా కాళ్లు కదుల్తలేవు… ఈడనే కూసున్న. ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

శోభారాణి తిరిగి చూడలే. రోకలిని రెండు చేతుల బిగించి పట్టుకున్నది. కొంగు మాత్రం ఇంకో జానెడు ఎనుకకు గుంజుకపోయింది.